తీగ వెంట నడవమన్నాను

రఫా శిబిరంలో మేము దిగినప్పుడు అక్కడ ఉన్నవి ఇవి: నలభై గుడారాలు, రెండు నీళ్ళ ట్యాంకర్లు, ఒక వంటశాల, ఒక జెండా కర్ర, దాని చుట్టూ ఇసుక బస్తాలు. ఉన్నవాళ్ళు: పెట్టెలు సర్దుకుని కూర్చున్న పాత బెటాలియన్ మనుషులు. వాళ్ళు మా ముఖాలు చూడలేదు. ఓడరేవుకు వెళ్ళే లారీల వైపే చూస్తున్నారు.

మా సిగ్నల్ విభాగంలో పదకొండుగురం. ఒక సుబేదార్, ఇద్దరు హవల్దార్లు, ముగ్గురు ఎక్స్ఛేంజి ఆపరేటర్లు, ఇద్దరు రేడియో వాళ్ళు, ఇద్దరు లైన్‌మన్లు, ఒక డ్రైవర్. లైన్‌మన్లలో ఒకడిని నేను. రెండోవాడికి ఉత్తరం వైపు కాపలా పోస్టులు ఇచ్చారు. దక్షిణం వైపు ఐదు పోస్టులు నావి. శిబిరం నుంచి ఐదో పోస్టు వరకు టెలిఫోన్ తీగ ఆరు మైళ్ళ రెండు ఫర్లాంగులు.

అది నవంబర్. తెల్లవారితే చలి. పది గంటలకల్లా ఇసుక మీద వెలుగుకు కళ్ళు చికిలించాలి. మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి గాలి. రెండు దేశాల మధ్య అడుగు లోతు కందకం తవ్వి ఉంది. దానికి ఇటువైపు శాంతి సేన నీలి టోపీలు పెట్టుకుని నిలబడటం మా పని. తుపాకీ ఉంది. కాల్చే హుకుం లేదు. పాత యుద్ధంలో రెండు పక్షాలూ పాతిన మందుపాతరలు నేలలోనే ఉన్నాయి. ఎవరు ఎక్కడ పాతారో పూర్తి పటం ఎవరి దగ్గరా లేదు.

నా ఏడేళ్ళ సర్వీసు మే నెలాఖరుకు పూర్తవుతుంది. ఆగస్టులో ఈ విదేశీ ఉత్తర్వు వచ్చింది. కాలం ఏడాది. అవసరమైతే సర్వీసు పొడిగిస్తారని చివర ఒక వాక్యం. ఆ ఒక్క వాక్యంతో నాకు చిక్కు వచ్చింది.

మాది బంట్వారం దగ్గర పల్లె. గొర్రెలు కాచే ఇల్లు. మా ఇంట్లో మొదట పట్నం పోయి వైరింగు, మోటార్ల పని నేర్చింది నేను. పద్దెనిమిదేళ్ళకు ఫౌజులో చేరాను. చేరిన మరుసటేడు మల్లమ్మతో పెళ్ళయింది. పెళ్ళయినప్పటి నుంచి ఆమెతో గడిపిన రోజులు లెక్కవేసి చూశాను. నూట అరవై రెండు. మాలో మారుమనువు తప్పు కాదు. మొగుడు ఏళ్ళ తరబడి రాకపోతే కులపెద్దలు కూర్చుని పిల్లను విడిపిస్తారు, ఇంకో ఇంటికి ఇస్తారు. ఆగస్టు సెలవులో పెద్దలు కూర్చున్నారు. మా మామ నా ముఖం మీదే అన్నాడు.

"నీ మీద నాకు కోపం లేదు అల్లుడా. పిల్ల ఎన్నేండ్లు తొవ్వ జూడాలె? వచ్చే మిరుగు నాటికి నువ్వు ఇంటి ముంగట ఉండాలె. లేకుంటే తాండూరు దిక్కు ఒక సంబంధం ఉన్నది. ఇస్త."

మిరుగు అంటే జూన్ మొదటి వారం, తొలకరి. పెద్దలు సరే అన్నారు. నేను బస్సెక్కేటప్పుడు మల్లమ్మ ఒక్క మాట అడిగింది: "వస్తవా, రావా? వచ్చేది లేకుంటే ఇప్పుడే చెప్పు."

వస్తానన్నాను.

రఫాలో మొదటి వారమే సుబేదార్ దగ్గరికి వెళ్ళాను. చెడ్డవాడు కాదు. ముందే ఇంటికి పంపమని నేను రాసిన అర్జీ చదివి పక్కన పెట్టాడు.

"అందరికీ పెళ్ళాలున్నారు," అన్నాడు హిందీలో. "ఏప్రిల్‌లో ఓడ వస్తుంది. నీ ట్రేడువాడే ఒకడు తనంతట తాను వస్తానని రాసిస్తే, నీ పోస్టులు వాడికి అప్పగించి వెళ్ళు. ఒక షరతు. లైన్ చెడిపోయి ఉంటే బాగయ్యేదాకా లైన్‌మన్ కదలడు. అది నా రూలు."

శిక్షణ కేంద్రంలో నాతో పాటు స్తంభాలెక్కినవాడు ఒకడున్నాడు. దావీదు. కుల్కచర్లవాడు. వాళ్ళ నాన్న కూలి. వాళ్ళ అమ్మ ఆదివారం నాలుగు మైళ్ళు నడిచి ప్రార్థనకు పోయేది. దావీదు సర్వీసు ఇంకో రెండేళ్ళు పొడిగించుకున్నాడు. జబల్పూరులో సుఖంగా ఉన్నాడు. వాడికి ఉత్తరం రాశాను, మామ పెట్టిన గడువు సంగతి చెప్పాను. ఏసు పుట్టిన ఊరు మా శిబిరానికి అరవై మైళ్ళని రాశాను. అది నిజం. ఆ అరవై మైళ్ళకు మధ్యలో మేము కాపలా కాసే గీత ఉందని, మాకెవరికీ దాన్ని దాటే వీలు లేదని రాయలేదు.

ఆరు వారాలకు జవాబు వచ్చింది. "అన్నా, మా అమ్మ చదివించుకుని ఏడ్చింది. ఆ ఊరి మట్టి పిడికెడు తెమ్మంది. పేరు రాసిచ్చిన."

ఫిబ్రవరి రెండో వారంలో వాన పడింది. ఆ నేల మీద వాన మన వాన కాదు. రెండు గంటలు కురిసి, ఎండిన వాగులో మనిషెత్తు నీళ్ళు తెచ్చింది. మరునాడు ఉదయం ఆరున్నరకు తీగ చూడటానికి బయలుదేరాను. భుజాన టెస్ట్ ఫోన్, నడుముకు కటింగ్ ప్లయర్, చేతిలో రెండు గజాల కర్ర.

లైన్‌మన్‌కు నేర్పే మొదటి పాఠం ఇది: తీగ వెంట నడువు, తప్పిపోవు. ఇంజనీర్లు పాతరలు ఏరేసిన దారిలోనే తీగ పరుస్తారు. చీకట్లోనైనా, దుమ్ములోనైనా తీగను అరచేతిలో జారనిస్తూ నడిస్తే చాలు. కందకం వెంట గస్తీ తిరిగేవాళ్ళకు వేరే దారి ఉంది. తీగ దారి లైన్‌మన్ ఒక్కడిదే.

మూడో పోస్టుకూ నాలుగో పోస్టుకూ మధ్య వరద తీగను తూర్పుకు తోసేసింది. డెబ్భై గజాల మేర. కొన్నిచోట్ల ఆరు గజాలు పక్కకు జరిగింది. జరిగినచోట పాతరలు ఏరని నేల. తెగలేదు. ఫోన్ తిప్పితే ఎక్స్ఛేంజి పలికింది.

"ఏం లైన్‌మన్, బతికే ఉన్నావా?"

"ఉన్నా. లైన్ ఎట్లుంది?"

"నీ గురక కూడా వినబడేంత బాగుంది. రిజిస్టర్లో ఏం రాయను?"

అక్కడ నిలబడి ఆలోచించాను. చెబితే ఇంజనీర్లు రావాలి. వాళ్ళ దగ్గర ముందే పెద్ద జాబితా ఉంది. మా వంతు రెండు నెలలకు. ఆ తర్వాత తీగ మార్చాలి. అప్పటికి ఓడ వెళ్ళిపోతుంది.

"బాగుంది అని రాయి," అన్నాను.

ఆ తర్వాత తొమ్మిది వారాలు ఆ డెబ్భై గజాలు నేను తీగను వదిలి నడిచాను. పాత దారి గుర్తుగా తెల్ల సున్నం రాళ్ళు ఇసుకలో సగం పూడి ఉన్నాయి. వాటిని కర్రతో వెతుక్కుంటూ వెళ్ళేవాడిని.

ఏప్రిల్‌లో దావీదు వచ్చాడు. లారీ దిగేటప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట ఇరవై. అదే లారీ రెండున్నరకు నన్ను తీసుకుని ఓడరేవు రైలుకు వెళ్ళాలి. అప్పగింతకు డెబ్భై నిమిషాలు. తీగంతా ఇద్దరం నడిచి చూడాలని నిబంధన. డెబ్భై నిమిషాల్లో ఆరు మైళ్ళు కుదరదు. సుబేదార్ గడియారం చూసి, కాగితం మీద కానిచ్చేయమన్నాడు.

కాగితం నేను ముందురోజే తయారుచేశాను. ముప్పై ఎనిమిది అంశాలు. తీగ చుట్టలు నాలుగు, ప్లయర్లు రెండు, టెస్ట్ ఫోన్ ఒకటి, ప్రతి జాయింటు ఎక్కడుందో, ఏ పోస్టులో ఏ ఫోను గంట బిగుసుకుపోతుందో, ఏ పోస్టులో కుక్క కరుస్తుందో. అంత శుభ్రమైన అప్పగింత కాగితం ఆ విభాగంలో ఎవరూ రాయలేదని హవల్దార్ అన్నాడు.

దావీదు వేలు పెట్టి ఒక్కొక్కటి చదివాడు.

"కుక్కను గూడ రాసినవా అన్నా? దాని పేరేంది?"

"పేరు లేదు. రొట్టె ఇస్తే ఊకుంటది."

"నేను పెడ్త పేరు. మా సర్పంచ్ పేరు పెడ్త." నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "బెత్లెహేము ఏ దిక్కు?"

చెయ్యి చాపి చూపించాను. కందకం అవతల ఈశాన్యం వైపు.

"ఎప్పుడు తోలుకపోతరు?"

"సెలవు దొరికినప్పుడు."

"నువ్వు పోయినవా?"

"నాకు దొరకలే."

"ఇంకేమన్న చెప్పేది ఉన్నదా అన్నా? తొవ్వ గిట్ల?"

డ్రైవర్ హారన్ కొట్టాడు. రెండూ ఇరవై ఆరు.

"తీగ వెంట నడువు," అన్నాను.

వాడు సంతకం పెట్టాడు. మరిచిపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. మరిచిపోలేదు. కాగితంలో అది రాస్తే సుబేదార్ లారీ ఆపేవాడు. నోటితో చెబితే దావీదు భయపడి సంతకం పెట్టేవాడు కాదు. రెండూ లెక్కవేసే ఊరుకున్నాను.

డిపోలో విడుదల కాగితాలు పూర్తిచేసుకుని మే ఇరవై ఏడున తాండూరులో రైలు దిగాను. మిరుగుకు ఇంకా పది రోజులుంది. మల్లమ్మ గడపలో జొన్నలు చెరుగుతోంది. చేట కింద పెట్టి లేచింది.

"వచ్చినవా," అంది.

మా మామ ఆ సాయంత్రం గొర్రెను కోయించాడు.

జూలైలో ఎక్స్ఛేంజి ఆపరేటర్ ఉత్తరం వచ్చింది. పొలంలో నిలబడి చదివాను. నీ మనిషి పదకొండో రోజు దుమ్ముగాలిలో తీగ చూడటానికి వెళ్ళాడు. మూడుకూ నాలుగుకూ మధ్య పాతర పేలింది. ఎడమ కాలు మోకాలి కింద పోయింది. బతికాడు. తీగ వాడి చేతిలోనే ఉంది. ఇంజనీర్లు ఇప్పుడు ఆ చోటు శుభ్రం చేశారు, లైన్ బాగుంది.

మల్లమ్మకు చెప్పలేదు. ఆమెకు అప్పటికి నెల తప్పింది.

డిసెంబర్‌లో దావీదు పుణె ఆసుపత్రి నుంచి బయలుదేరుతున్నానని కార్డు రాశాడు. వికారాబాద్ స్టేషన్‌కు వెళ్ళాను. బొంబాయి బండి నలభై నిమిషాలు ఆలస్యం. వాడు చివరి పెట్టెలోంచి వెనక్కి తిరిగి దిగాడు. ముందు చంక కర్రలు, తర్వాత కాలు.

"ఇంత దూరం ఎందుకొచ్చినవ్ అన్నా?"

"ఎంత దూరం. పెట్టె ఇటియ్యి."

"బూటు ఒక్కటే పాలిష్ చేస్తున్న ఇప్పుడు. సగం పని తప్పింది." నేను నవ్వలేదు. వాడే నవ్వాడు. తర్వాత అన్నాడు: "నీ లిస్టుల టెస్ట్ ఫోన్ పగిలింది అన్నా. నా సంతకం మీద ఉండె. ఏమనుకోకు. తీగ వెంటనే నడిచిన. ఇడిసిపెట్టలే. ఎట్ల తప్పిన్నో తెల్వదు."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ రాలేదు.

"పరిగి బస్సు పోతది," అన్నాను. "జర తొందర."

"మల్లమ్మ వదిన ఉన్నదా?"

"ఉన్నది."

"మంచిగాయె. అట్లయితే నేను అక్కరకొచ్చిన్నన్నట్టు." జేబులోంచి చిన్న రేకు డబ్బా తీసి చూపించాడు. లోపల ఇసుక. "శిబిరం ఇసుకనే. అమ్మకు ఆ ఊరిదని చెప్త. అడిగితే నువ్వు గూడ గట్లనే చెప్పు."

చెప్తానన్నాను.

వాడు ముందు నడిచాడు. పెట్టె పట్టుకుని నేను వెనక నడిచాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా కళ్ళ ముందు నిలిచేది ఆ వీపే: ఆకుపచ్చ స్వెట్టరు, పైకి లేచిన భుజాలు, మడిచి పిన్నుతో గుచ్చిన ప్యాంటు కాలు. ప్లాట్‌ఫాం నుంచి బస్సు మెట్టు దాకా వాడు మూడుసార్లు ఆగాడు. నూట పన్నెండు అడుగులు వేశాడు.