వదులు బూట్లు

గుంటూరు నుంచి పొదిలి మీదుగా వెళ్ళే బస్సులో నా పక్క సీటు పెద్దాయన పంచె కట్టుకుని, కాళ్ళకి ఎర్రటి రన్నింగ్ బూట్లు వేసుకున్నాడు. అవి ఆయన పాదాలకి బాగా పెద్దవి.

"పొద్దున్నే పరుగు పెడతారా బాబాయ్?" అని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే చిరాకు.

"మావాడివి బాబూ. మిలిటరీ సెలక్షన్లకని కొనుక్కున్నాడు. నేనే పోనివ్వలా. ఇరవై ఏళ్ళు బోర్డర్లో చేసొచ్చా, అక్కడ చావెట్టా ఉంటదో నాకు తెలుసు. ఇంటికి ఒక్కడు చాల్లే, మిరపచేను చూసుకుంటా నా కళ్ళెదుట ఉండరా అన్నా."

కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు.

"కళ్ళెదుటే పోయాడు. ఎండలో పురుగుమందు కొడతా కొడతా చేలోనే పడిపోయాడు. పంపు వాడి వీపుకెత్తి బెల్టులు బిగించింది నేనే. ఇయ్యి మూల పడుంటే చూళ్ళేక తొడుక్కుంటన్నా."

పొదిలి వచ్చింది. ఆయన వంగి, రెండు బూట్ల లేసులూ విప్పి, మళ్ళీ గట్టిగా లాగి కట్టుకుని దిగాడు. బస్సు కదిలేదాకా ఆయన నడక చూస్తూ కూర్చున్నాను. అంత బిగించినా, అడుగడుక్కీ మడమ బయటికొస్తూనే ఉంది.