ముల్లుగర్రతో హాజరీ సాబ్‌ను దాటిన వైనం

పాపం, చీమకు కూడా దారి ఇచ్చి నడిచే ఒక పెద్దమనిషిని పట్టపగలు బురద కాలువలో పడేసిన ఘనత నాది. ఎవరో పడేస్తే పక్కన నిలబడి చూసిన కథ అనుకునేరు. నా చేత్తో, నా కర్రతో, నా నోటి దూలతో చేసిన పని. చదువుతుంటే "అయ్యో" అనాలనిపిస్తే ఆయన కోసం అనండి. నా కోసం అనే పని లేదు, నేను పొడిగానే ఉన్నాను.

మాది చిరాగ్‌పల్లి పక్కన పల్లె. ఎనభయ్యో దశకం మొదట్లో మాట ఇది. నా పెనిమిటి జహీరాబాద్ ఊరి మొదట్లో ఉన్న రేకు డబ్బాల కార్ఖానాలో కూలికి పోయేవాడు. నేను ఊళ్లో అల్లం మండీలో అల్లం కడిగి ఏరే పనికి పోయేదాన్ని. ఇద్దరికీ ఒక్కటే సైకిల్. ఆయన తొక్కుతాడు, నేను వెనక క్యారేజీ మీద కూర్చుంటాను. ఆయన పేరు నేను నోటితో అనను. పెనిమిటి పేరు అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పింది. రాస్తే తగ్గుతుందని మాత్రం చెప్పలేదు, ఎందుకంటే మా ఇంట్లో రాసే ఆడమనిషి పుడుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను. సంగయ్య. చూశారా, ఏమీ కాలేదు.

ఇక మేము రోజూ పోయే బొంబాయి రోడ్డు సంగతి. అప్పట్లో అది ఇంత వెడల్పు లేదు. రెండు లారీలు ఎదురుపడితే ఒకదాని ఊపిరి ఒకదానికి తగిలేది. ఆ ఇరుకులోనే లారీలు, బస్సులు, మనుషులను బస్తాల్లా కుక్కిన జీపులు, పొద్దున పనులకు పోయే మాలాంటి సైకిళ్లు. లారీ డ్రైవర్ల లెక్కలో సైకిల్ మనిషి అంటే రోడ్డు మీద పడ్డ పేడకడి. తొక్కితే టైరు ఖరాబు, తొక్కకపోతే టైము ఖరాబు. వెనక నుంచి వచ్చి చెవి దగ్గర హారన్ మోగించి, మోచెయ్యి గీరుకునేంత దగ్గరగా దూసుకుపోయేవారు. ఆ గాలికే సైకిల్ మట్టిలోకి దిగిపోయేది.

ఒకనాడు ఒక జీపు లారీని దాటబోయి మమ్మల్ని రోడ్డు దింపేసింది. మేమిద్దరం రేగడి మట్టిలో పడ్డాం. సద్ది గిన్నె దొర్లి రోడ్డు మీదికి పోయింది. వెనక వచ్చిన లారీ దాని మీద నుంచి పోతే జొన్నరొట్టె కాస్తా అప్పడమైంది.

ఆయన మట్టి దులుపుకొని, "పోనియ్యే. పాపం, ఏం తొందర పనుండెనో" అన్నాడు.

"మనల్ని తొక్కి పోయేటంత తొందరనా? నీ అసొంటోళ్లు ఉండబట్టే వాళ్లు గట్ల ఉరుకుతున్రు!"

"అయితే ఏం జేద్దమంటవ్? మన సైకిల్‌కు కొమ్ములు మొలుస్తయా?"

ఆ మాట ఆయన నవ్వులాటకు అన్నాడు. నేను మాత్రం ఇంటికి పోయేదాకా అదే ఆలోచించాను. కొమ్ము ఎందుకు మొలవదు?

మా నాయన ఎడ్లబండి తోలేవాడు. ఆయన దగ్గర ముల్లుగర్ర ఉండేది. ఎద్దులను అదిలించే పొడుగు కర్ర, కొసకు చిన్న మేకు ఉంటుంది. ఇరుకు బాటలో వెనక బండి మీదికి మీదికి వస్తే మా నాయన ఆ కర్రను పక్కకు అడ్డంగా చాపేవాడు. వెనక బండి దానంతట అదే జరిగేది. నాకు తెలిసిన ట్రాఫిక్ రూలు అదొక్కటే. మరునాడు ఆ ముల్లుగర్ర తీసి, కొసకు ఎర్ర గుడ్డ కట్టి, సైకిల్ ఎక్కాను. లోకంలో ఆడవాళ్లంతా ఎడమ పక్కకు కాళ్లు వేసి కూర్చుంటే నేను కుడి పక్కకు, వచ్చే బండ్లకు ఎదురుగా తిరిగి కూర్చున్నాను. కర్రను రోడ్డు మీదికి చాపాను.

"ఏందే ఇది? మనం పనికి పోతున్నమా, పొలం దున్నబోతున్నమా?" అన్నాడు ఆయన.

"నువ్వు ముందు జూసి తొక్కు. కుడి పక్క లోకం నేను జూసుకుంట."

నమ్మండి, నమ్మకపోండి, లారీలు జరిగాయి! మూరెడు దూరం నుంచి పోయేవి ఇప్పుడు బారెడు దూరం నుంచి పోతున్నాయి. ఒక డ్రైవరైతే లారీ మెల్లగా చేసి తల బయట పెట్టాడు.

"ఓ అమ్మా! గా మేకు నా బండికి గీరుకుంటె ఎట్ల? మొన్ననే రంగులేయించిన!"

"నీ బండి నాకు గీరుకుంటె ఎట్ల బిడ్డా? నాకు రంగు మా అమ్మ ఏసింది, మళ్ల ఎయ్యనీకి ఆమె లేదు!"

అప్పుడు తెలిసింది నాకు. మనిషికి గీత పడితే వాళ్లకు ఫికర్ లేదు, రంగుకు గీత పడితే ప్రాణం విలవిల్లాడుతుంది.

ఇంకేముంది, నాకు కొమ్ములు నిజంగానే మొలిచాయి. అనగా అనగా రాగం, తినగా తినగా రోగం అన్నట్టు, చాపగా చాపగా నాకు పొగరు ఎక్కింది. రోజూ పొద్దున యుద్ధానికి పోయే రాణిలా కూర్చునేదాన్ని. ఆయన మెల్లగా తొక్కుతున్నాడనిపిస్తే ముల్లుగర్ర వెనక కొసతో వీపు మీద పొడిచి "హై!" అనేదాన్ని కూడా. ఆయన ఒక్కనాడూ కోప్పడలేదు. "ఎద్దుకైతె దాణా పెడుతరు" అని నవ్వేవాడు.

ఆ నెలలోనే కార్ఖానాలో ఒక మాట పుట్టింది. నెల రోజులు ఒక్క పూట కూడా ఆలస్యం కాకుండా వచ్చిన కూలీలను పర్మనెంట్ చేస్తారట. పర్మనెంట్ అయితే కార్ఖానా వెనక ఒక గది కూడా ఇస్తారట. అంటే రోజూ ఈ రోడ్డు మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని రావాల్సిన పని ఉండదు. ఎవరు ఎన్నింటికి వచ్చారో రాసేది హాజరీ సాబ్. రిజిస్టరు ఆయన బీరువాలో, తాళంచెవి ఆయన నడుముకు. కార్ఖానాలో మేనేజర్ మాటకు ఎదురుంది గానీ, హాజరీ సాబ్ కలానికి ఎదురు లేదు. ఆయనను నేను ఎప్పుడూ దగ్గర నుంచి చూడలేదు. నేను గేటు దగ్గర దిగి మండీకి నడిచిపోయేదాన్ని.

ఇరవై తొమ్మిది రోజులు మావాడు తప్పకుండా పోయాడు. ముప్పయ్యో రోజు వచ్చింది. ఆ రోజు నాకేం బుద్ధి పుట్టిందో, ముల్లుగర్రకు కొత్త గుడ్డ చుట్టి, పాత ఎద్దు మెడలోని గజ్జెలు నాలుగు కట్టాను. ఆయన వాకిట్లో సైకిల్ పట్టుకొని నిలబడే ఉన్నాడు.

"ఇయ్యాల ముప్పయ్యో రోజే! పోదాం పా!"

"వస్తున్న, ఇంకొక్క గజ్జె."

మాకు గడియారం లేదు, పొద్దే గడియారం. ఆ రోజు మబ్బు పట్టి ఉంది, పొద్దు కనబడలేదు. రోడ్డెక్కాక మాటిమాటికీ మబ్బులో పొద్దును వెతికాను. నా గజ్జెల సోకుకు ఆయన ముప్పయ్యో రోజు పోయిందనుకున్నాను. "తొక్కు, తొక్కు" అంటూ వీపు మీద పొడుస్తూనే ఉన్నాను.

కార్ఖానా ఇంకో మైలు ఉందనగా మా ముందు ఒక సైకిల్. దాని మీద ఒక మనిషి, తల చుట్టూ మఫ్లరు, క్యారేజీకి గొడుగు. పెండ్లికొడుకును ఊరేగించే గుర్రంలా, ఒక తొక్కు తొక్కి ఒక ఆలోచన చేసి మళ్లీ ఒక తొక్కు తొక్కుతున్నాడు. కుడి పక్క నుంచి దాటుదామంటే ఎదురుగా లారీల బారు.

"బెల్లు కొట్టు!" అన్నాను.

కొట్టాడు. ఆ మనిషి కదల్లేదు.

"ఎడమ పక్క నుంచి దూరు!"

"తప్పే. పెద్దమనిషి లెక్కున్నడు. జర ఆగుదం."

"నీ ఆగుడుకు మన్నువడ! గది పోతది, పర్మనెంట్ పోతది! హై!"

పొడిచాను. పాపం, దూరాడు.

చూడండి, ఇన్ని రోజులు నేను తిట్టిన జీపు డ్రైవర్లకూ నాకూ ఆ క్షణంలో ఎంత తేడా ఉందో వెతకండి. వాళ్లకు హారన్ ఉంది, నాకు గజ్జెలున్నాయి. అంతే. లారీ మీది కోపం సైకిల్ మీద తీసినట్టు, నేను ఆ మనిషిని దాటాను. దాటేటప్పుడు చాపిన కర్ర ముడుచుకోవాలన్న సోయి ఉండాలి కదా! లేదు. మేకు పోయి ఆయన మఫ్లరులో దిగింది. మా సైకిల్ ముందుకు పోయింది, మఫ్లరు మాతో వచ్చింది, మఫ్లరు వెంట ఆయన కొంతదూరం వచ్చి, ఆ తర్వాత సైకిల్‌తో సహా కాలువలోకి పోయాడు.

దిగి చూసేసరికి బురదలోంచి ఒక తల లేచింది.

"ఎవర్రా మీరు? కండ్లు నెత్తికెక్కినయా?"

తప్పు చేసినవాళ్లు ముందు అరవాలన్నది నా అప్పటి సిద్ధాంతం. "నడిరోడ్డు మీద సొంత జాగా లెక్క పోతె ఎట్ల పెద్దమనిషీ? ఎనక మనుషులుండరా?" అని అరిచాను.

ఆయన ముఖం మీది బురద తుడుచుకున్నాడు. నా పక్కన ఏదో దభీమని పడింది. మా సైకిల్. మావాడు చేతులు వదిలేశాడు.

"హాజరీ సాబ్..." అన్నాడు.

హాజరీ సాబ్ గాలిలో తడుముకుంటున్నాడు. "నా కండ్లద్దాలు యాడవడ్డయ్? నాకేం కనవడ్తలేదు. ఎవరమ్మా నువ్వు? నీ మొగని పేరేంది?"

కండ్లద్దాలు లేవు! దేవుడు నా మీద దయతలిచాడనుకున్నాను. "పెనిమిటి పేరు నోట అనరాదు సాబ్" అన్నాను. ఆచారం నాకు ఎప్పుడూ అంత అక్కరకు రాలేదు.

"సరే, ఏ ఊరు?"

"ఊరా? గిక్కడనే సాబ్, గట్ల పోతె వస్తది."

మావాడి చెయ్యి పట్టి లాగాను, సైకిల్ ఎక్కు, పోదాం అని. మావాడు నా చెయ్యి విడిపించుకొని, నిటారుగా నిలబడి, "నేను సంగయ్యను సాబ్. మీ కార్ఖానల డబ్బాలకు మూతలు కొట్టేటోన్ని. మాది చిరాగ్‌పల్లి దిక్కు" అని పూర్తిగా అప్పజెప్పేశాడు. తర్వాత కాలువలోకి దిగి, బురదంతా చేతులతో జల్లించి, కండ్లద్దాలు వెతికి, తన అంగీకి తుడిచి ఆయన చేతిలో పెట్టాడు.

నేను పళ్లు కొరుకుతూ చెవిలో అన్నాను. "నీకు పిచ్చా? పోతుంటిమి గద!"

"ఆయనకు కనవడదే. మనం పోతె ఎనక లారీ వచ్చి గుద్దదా?" అని, మెల్లగా ఇంకో మాట అన్నాడు. "అయినా సాబ్ ఇంక రోడ్డు మీదనే ఉన్నడంటె, మనకు ఆలస్యమే కాలేదు గదనే."

ఆ మాటకు నేను అక్కడే కాలువలో పడి ఉంటే బాగుండేది.

సాబ్ సైకిల్ చక్రం ఎనిమిది ఆకారానికి వచ్చింది. కాలు మడమ వాచింది. ఆయనను మా క్యారేజీ మీద కూర్చోబెట్టి మావాడు తొక్కాడు. నేను ఆ వంకర సైకిల్‌ను నెట్టుకుంటూ వెనక పరుగెత్తాను. నాలుగు బారలు పోయామో లేదో, ఒక జీపు హారన్ మోగిస్తూ సాబ్ మోకాలి పక్క నుంచే దూసుకుపోయింది. కార్ఖానాలో మెత్తని మనిషని పేరున్న ఆయన వెనక్కి తిరిగి నాతో ఏమన్నాడో తెలుసా?

"ఓ అమ్మా! గా కట్టె ఇటియ్యి!"

ఇచ్చాను. తర్వాత మైలు పొడుగునా హాజరీ సాబ్ ముల్లుగర్ర చాపి, గజ్జెలు మోగించి, ఉర్దూలో కొన్ని, తెలుగులో కొన్ని, నేను కూడా వినని తిట్లు తిట్టాడు. నాకే సిగ్గేసింది.

కార్ఖానా గేటు ముందు అరవై మంది కూలీలు బారుగా నిలబడి ఉన్నారు. బీరువా తీసే దిక్కు లేక ఎవరికీ హాజరీ పడలేదు. మేనేజర్ వసారాలో చేతి గడియారం చూసుకుంటున్నాడు. బురద బొమ్మలా దిగిన సాబ్‌ను చూసి, "ఏమైంది?" అన్నాడు.

సాబ్ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. మావాడి ముప్పై రోజులు, ఆ గది, అన్నీ ఆ మనిషి నాలుక చివర ఉన్నాయి.

"రోడ్డు మీద పడ్డ, సాబ్. ఈ సంగయ్య నన్ను మోసుకొచ్చిండు. ఇతన్ని పర్మనెంట్ చెయ్యాలె. గది గూడ ఇయ్యాలె. ఇయ్యాలనే ఇయ్యాలె."

"ఇంత తొందరేంటయ్యా?"

సాబ్ నా వైపు వేలు చూపించాడు. "ఈమె రేపు గూడ రోడ్డెక్కితె, మీకు హాజరీ వేయనీకి మనుషులు మిగలరు!"

అరవై మంది ఒక్కసారి నవ్వారు. తంతే బూరెల గంపలో పడ్డవాళ్ల గురించి మీరు విని ఉంటారు. ఒకరిని తంతే మనం బూరెల గంపలో పడడం మా ఇంట్లోనే జరిగింది. వారం తిరక్కముందే ఆ గదిలో పొయ్యి పెట్టాం. సాబ్ మడమ వాపు తగ్గేదాకా ఆయనను మావాడే సైకిల్ మీద తెచ్చేవాడు. నన్ను మాత్రం ఎక్కనివ్వలేదు.

కాబట్టి సూర్యుడి సాక్షిగా, మబ్బు పడితే మబ్బు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఎవరినీ ఎడమ పక్క నుంచి దాటను. పెండ్లి భోజనాల బంతిలో కూడా దాటను. తొందరపెట్టను, పొడవను. మూడేళ్ల కింద సంగయ్య నన్ను దాటి ముందుకు పోయాడు. జీవితమంతా ఎవరినీ దాటని మనిషి, బెల్లు కూడా కొట్టకుండా దాటాడు. పోనివ్వండి. పాపం, ఏం తొందర పనుండెనో. నేను నా పక్కనే, మెల్లగానే వస్తాను.