మామ బిగించిన రెక్క

చదువు చేతికొచ్చి ఉద్యోగం చేతికి రాని ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకుని, ప్రొద్దుటూరులో మా ఇంటి మెట్ల మీద కూర్చుని, ఫోనులో కనబడిన ప్రతి ప్రకటనకూ దరఖాస్తు పెట్టేదాన్ని. అలా పెట్టినవాటిలో ఒకటి, సముద్రం ఒడ్డున సర్ఫింగ్ బోర్డులు తయారుచేసే చిన్న కంపెనీది. అలల మీద నిలబడి జారుతుంటారే, ఆ బల్లలు. నేను అప్పటికి సముద్రమే చూడలేదు. (మావైపు నీళ్లంటే ట్యాంకరులో వచ్చేవి. ఆ ట్యాంకరు గుంతలో పడ్డప్పుడు మాత్రమే మాకు అలలు కనబడతాయి.) ఆ సంగతి వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

ఏం చూసి మెచ్చారో గానీ, ఒకరోజు మనిషంత పొడుగు పెట్టె కొరియర్‌లో వచ్చింది. వీధి వీధంతా చేరి "ఇస్త్రీ బల్లా?" అని ఒకరు, "అంత పెద్ద ఇస్త్రీ ఎవురికి మే?" అని ఇంకొకరు. పెట్టెలో బోర్డు, దానితోపాటు చేప రెక్కలాంటి ప్లాస్టిక్ ముక్క ఒకటి, దాని మొదట్లో చిన్న మీట. కంపెనీ సారు ఫోన్ చేసి తీయటి కోస్తా తెలుగులో వివరించాడు. "బోర్డు అడుగున గాడి ఉంటుందండీ. రెక్క అందులో దూర్చి మీట నొక్కితే పట్టేసుకుంటుంది. మీట ఎత్తితే ముందుకూ వెనక్కూ జరుగుతుంది. పనిముట్లేవీ అక్కర్లేదు. నీళ్లలో, తడిచేతులతో, స్క్రూడ్రైవరు ఎవరు వెతుక్కుంటారండీ?" వచ్చే ఆదివారం వీడియో కాల్‌లో, నీళ్ల దగ్గర నిలబడి, ఆ రెక్కను ఒట్టి చేతులతో పెట్టి, తీసి, జరిపి, ఎక్కడ పెడితే బోర్డు ఎలా పోతుందో చూపించాలి. బాగా చూపిస్తే ఉద్యోగం. "ఏ నీళ్లయినా పర్లేదండీ" అని కూడా అన్నాడు, పెద్ద మనసుతో.

ఏ నీళ్లయినా అనడం సులభమే. జమ్మలమడుగు అవతల రిజర్వాయరు దగ్గరికి బోర్డు మోసుకుపోతే, కాపలా ఆయన నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసి, "దీని మీద పండుకోని యాడికి పోదామని పాపా? ఇంటికి పో" అన్నాడు. ఇక మిగిలింది మామ. మా అమ్మకు తమ్ముడు. పులివెందులలో బోరు మోటార్లు బాగుచేసే షాపు, లింగాల దగ్గర చీనీ తోట (బత్తాయిని మావైపు చీనీ అంటాం), ఆ తోటలో డ్రిప్పు కోసం ప్లాస్టిక్ పట్ట పరిచి తవ్విన నీళ్ల గుంట, ఇవీ ఆయన ఆస్తులు. అసలు ఆస్తి మాత్రం ఆయన పానాల పెట్టె. దేన్నైనా బిగించందే ఆయనకు నిద్ర పట్టదు. మాకు ఆయన పేరే బిగింపు మామ. ఒకసారి మా అవ్వ కళ్లద్దాలు బిగించి ఇచ్చాడు, అవి ఇక మడతపడలేదు. వంటింటి కొళాయి బిగించాడు, అప్పటినుంచి నీళ్లు కావాలంటే మామకు ఫోన్ చేయాల్సి వచ్చేది. "చేత్తో బిగించింది చేత్తోనే ఊడుతాది మే" అనేది ఆయన సిద్ధాంతం. అలాంటి మనిషి దగ్గరికి పనిముట్లు అక్కర్లేని వస్తువును తీసుకుపోయాను చూడండి, నా తెలివి అంతటిది.

శనివారం పరీక్ష మొదలుపెట్టాం. నాకు ఈత రాదు కాబట్టి నన్ను గుంటలోకి దిగనివ్వలేదు మామ. యూరియా సంచిలో ఇసుక పోసి, దాన్ని బోర్డుకెక్కించి, బోర్డు ముందు కొసకు తాడు కట్టి, గట్టు మీదనుంచి మోపెడ్‌తో లాగాడు. గొడుగు వేసుకుని కూర్చున్న అవ్వ చూసి, "నీకన్నా ఆ సంచే పద్ధతిగా కూచోనుండాది" అంది. రెక్కను గాడి చివరకు జరిపితే బోర్డు బుద్ధిగా తిన్నగా వచ్చింది. ముందుకు జరిపితే, తాడు కాస్త పక్కకు లాగగానే గిర్రున తిరిగింది. జానెడు కూడా జరపలేదు, బోర్డు స్వభావమే మారిపోయింది! నాకు ఒళ్లంతా కళ్లయినాయి. మామకైతే చీనీకాయల బేరగాడు వచ్చి పిలుస్తున్నా వినబడలేదు. "ఇంగోసారి లాగుదాం మే. ఈసారి నడిమధ్యన పెట్టు. అదేందో, ఎందుకట్ల తిరుగుతాందో చూడాల." మధ్యాహ్నం అన్నాలు కూడా మరిచిపోయాం. ఎందుకు తిరుగుతుందో చెప్పాల్సిన ఇంజనీరును నేనే కాబట్టి, నీటి ఒత్తిడి అనీ పట్టు అనీ ఏదో చెప్పాను. ఆయన మర్యాదకు తలూపాడు.

సాయంత్రం తొందరలో నేను మీట పూర్తిగా నొక్కలేదు. గుంట మధ్యలో రెక్క ఊడి మునిగిపోయింది. బోర్డు అడ్డం తిరిగి సంచిని బుడుంగుమని నీళ్లలో పడేసింది. నేనూ అవ్వా పడీ పడీ నవ్వాం. మామ నవ్వలేదు. లుంగీ ఎగ్గట్టి గుంటలోకి దిగి, కాళ్లతో తడిమి తడిమి రెక్కను పట్టుకొచ్చాడు. సంచిని మాత్రం వదిలేసి, అది మునిగిన చోటునే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

ఆదివారం తెల్లారి నేను లేచేసరికి ఆయన బోర్డును బోర్లించి, మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. మీటలోనుంచి రంధ్రం వేసి బోల్టు దించి, దానికి రెండు నట్లు వేసి, అది చాలదన్నట్టు గాడి నిండా మోటార్లకు వాడే జిగురు పోసేశాడు. అది రాయైపోయింది. "ఇంగ చూడు మే. ఏనుగొచ్చి లాగినా ఊడదు."

"ఊడాల మామా! ఊడేదే దాని పని!" నాకు ఏడుపొచ్చేసింది.

"ఊడేదాని మీద నువ్వెట్ల ఎక్కుతావు మే?" ఆయనకు నిజంగానే అర్థం కాలేదు.

ఇంతలో ఫోన్ మోగింది. సారు నవ్వుతూ, "ఇప్పుడు ఒట్టి చేతులతో రెక్క తీసి చూపించండి" అన్నాడు. నేను లాగాను. కాలు తన్నిపెట్టి లాగాను. వెనకనుంచి మామ, పాపం సాయం చేద్దామనే, "పదమూడో నంబరు పానా ఉండాది, ఇమ్మంటావా?" అన్నాడు. "పానా అంటున్నారెవరండీ?" అన్నాడు సారు. ఇక దాచేదేముంది? జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఉద్యోగానికి మనసులోనే నీళ్లు వదిలేశాను. సారు విరగబడి నవ్వి, "ఆయన్నొకసారి చూపించండి" అన్నాడు. మామ ఫోనులోకి వంగి నమస్కారం పెట్టాడు.

"ఎందుకు బిగించేశారండీ?"

"ఈ పాపకు ఈత రాదప్పా. నిన్న సంచి మునిగింది. ఉద్యోగమొస్తే మీ సముద్రంలో దీని మీద ఎక్కేది ఈ పిల్లే గదా. ఇది మునిగితే నాకు ఇంగొకటి యాడ దొరుకుతాది?"

అవతల నవ్వు ఆగిపోయింది. సారు, "ఇంకో రెక్క పంపిస్తాను మేడమ్. వచ్చే ఆదివారం దాన్ని మీ మావయ్యగారే చేత్తో పెట్టాలి. మీరు ఎక్కాలి. అది చూపిస్తే ఉద్యోగం మీదే" అన్నాడు. రెక్క పెట్టడం నాకు తెలుసు, అది సులువు. మామ చేత పెట్టించడమా!

ఆ వారం నేను కాగితాల మీద బొమ్మలు గీశాను, బాణాలు వేశాను, మీట లోపల ఏది దేన్ని ఎలా నొక్కుతుందో విడమర్చి చెప్పాను. ఆయన "శానా బాగుండాది" అని, పానాల పెట్టె వైపు చూసేవాడు. బోల్టు విప్పి, ఉలి తీసుకుని తాను పోసిన జిగురు తానే చెక్కేశాడు. కొత్త రెక్క వచ్చాక షాపులో మోటార్లు పక్కనబెట్టి, దాన్ని పెట్టడం, తీయడం, టక్కుమన్న శబ్దం కోసం చెవి ఆనించి వినడం. అవ్వ చూసి చూసి, "రేయ్, దాన్నేమన్నా పెండ్లి చేసుకుంటాండావా? ఒళ్లోనుంచి దింపవు" అంది. నాకేమో పొద్దునా సాయంత్రం నడుముకు ఖాళీ క్యాన్లు కట్టి గుంటలో ఈత నేర్పించాడు. నేను తాగిన నీళ్లకు రెండు చీనీచెట్లు కాపుకొచ్చేవి.

ఆదివారం వచ్చింది. మామ రెక్కను గాడిలో దూర్చి, రెండు బొటనవేళ్లతో మీట నొక్కాడు. టక్కుమంది. ఆ రెక్కనే పట్టుకుని బోర్డు మొత్తాన్ని పైకెత్తి, దుమ్ము దులిపినట్టు దులిపాడు. ఊడలేదు. నేను క్యాన్లతో సహా ఎక్కి మోకాళ్ల మీద కూర్చున్నాను. (నిలబడమని ఎవరూ అడగలేదు, నేనూ పట్టుబట్టలేదు.) మోపెడ్ వద్దని తాడు తన చేత్తోనే పట్టుకుని, గట్టు మీద నడుస్తూ నన్ను గుంట చుట్టూ లాగాడు. ఫోన్ పట్టుకున్న అవ్వ మమ్మల్నే చూస్తూ దాన్ని పైకి తిప్పేసింది, సగంసేపు ఆకాశమే కనబడిందట సారుకు. అంతా అయ్యాక ఆయన మామను అడిగాడు. "ఇప్పుడు నమ్మకం కుదిరిందాండీ?"

నేను మామ వైపు చూసి కళ్లతోనే బతిమాలాను.

"నాకా? కుదర్లేదప్పా" అన్నాడు మామ. "బోల్టు లేదు, నట్టు లేదు, ఇంత మీటంట. దీన్ని ఈ జన్మలో నమ్మను. పాప నమ్మింది. పాపను నేను నమ్మినా. అంతే."

నాకు ఒళ్లు మండిపోయింది. కుదిరిందని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది మామా అని, ఫోన్ పెట్టగానే పోట్లాటకు దిగాను. ఆ పూట అన్నం మానేసి చీనీచెట్ల కింద ముఖం తిప్పుకుని కూర్చున్నాను. మరుసటిరోజు ఉద్యోగం వచ్చినట్టు కబురు వచ్చింది. నా బొమ్మలూ బాణాలూ చూసి ఇచ్చారనుకున్నాను. (అవి నేను వాళ్లకు చూపించనే లేదన్న సంగతి చాలా కాలానికి గాని తట్టలేదు.)

ఇప్పుడు సముద్రం ఒడ్డున కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ మీట సంగతి చెప్పడం నా పని. అంతా విన్నాక ఎవరో ఒకరు రెక్కను కదిపి చూసి, "ఊడిపోదు కదక్కా?" అంటారు. ఎంత చెప్పినా ముఖంలో బెరుకు పోదు. అప్పుడు నేనే ఎక్కి ఒక అల మీద పోయి వస్తాను, ఆ తరవాత వాళ్లు ఎక్కుతారు. వాళ్లలో ఏ ఒక్కరూ మీటను నమ్మి ఎక్కడం నేను చూడలేదు. అలా తిరిగొస్తున్నప్పుడల్లా, చీనీచెట్ల కింద అలిగి కూర్చున్న ఆ పిల్ల దగ్గరికి పోయి చెప్పాలనిపిస్తుంది. లేచి అన్నం తిను మే, నీ గురించి అంతకన్నా మంచిమాట ఇంకెవురూ చెప్పబోరు.