నాంపల్లి పడవలో నా నోటికి దొరికిన విడుదల

సహోదరులారా, సహోదరీలారా, ఈ పత్రిక చదువుతున్న మీ అందరికీ ప్రభువు పేరిట వందనాలు. నాకు డెబ్బై ఆరేళ్లు. తాగుడు లేదు, జూదం లేదు, నన్ను నలభై ఏళ్లు పట్టి పీడించింది నా నోరే. గోదావరి కాలవలో వరదకు ఎదురు తెడ్డేసుకుంటూ, ఊరూరా పాత గ్రామఫోన్ రికార్డులు అమ్మిన పడవవాణ్ణి నేనని మీలో చాలామందికి చెప్పాను, ఒక మొసలి నా రికార్డును మింగిందని కూడా చెప్పాను. అదంతా అబద్ధం. నాకు ఈతే రాదు. నా పడవ కాలవదే గాని, దాన్ని ఒక హోటలువాళ్లు అలంకారానికని లారీ మీద నాంపల్లికి తెచ్చారు, హోటలు మూతపడ్డాక అది ఆ ఆవరణలోనే మిగిలిపోయింది, నేను కిరాయికి తీసుకుని అందులో పాత రికార్డుల దుకాణం పెట్టాను. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు కొన్నవాళ్లు అట్నుంచి నడుచుకుంటూ వచ్చి నా పడవ ఎక్కేవాళ్లు.

మా వ్యాపారంలో ఒక చెడ్డ అలవాటుంది. గీతలు పడిన రికార్డును కొబ్బరినూనె గుడ్డతో తుడిస్తే కొత్తదానిలా మెరుస్తుంది, దాన్ని మంచి కవరులో దూర్చి, నవాబుగారి ఇంట్లోంచి వచ్చింది, ఒక్కసారే మోగింది అని చెబితే చాలు. లోపల ఏముందో నేనూ చూసేవాణ్ణి కాదు.

ఒక ఆదివారం ఒక రిటైర్డు టీచరుగారు రికార్డు పట్టుకుని పడవ ఎక్కారు.

"ఏందయ్యా ఇది? కవరు మీద సినిమా పాటలని ఉన్నది, లోపల ఎవరో ప్రార్థన చేస్తున్నడు."

"గిది మా పడవలది కాదు సార్," అన్నాను తడుముకోకుండా. "చాదర్‌ఘాట్ల కొని మర్చిపోయినట్టున్నరు."

"నేను చాదర్‌ఘాట్ మొఖం చూడక పదేండ్లాయె," అని ఆయన రికార్డుతోపాటు దిగిపోయారు.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలోని రూతక్క నా చెయ్యి పట్టుకుంది. భర్త పోయాక ఆయన రికార్డుల పెట్టె నాకు ఇచ్చేసింది ఆమే.

"తమ్మీ, ఆ పెట్టెల లేబుల్ లేని రికార్డు ఒకటి కలిసొచ్చినట్టుంది. పెండ్లయిన కొత్తల మా ఆయన స్టూడియోకు పోయి నా కోసం ప్రార్థన చేసి రికార్డు చేయించిండు. ఆయన గొంతు నాకు ఇంకెక్కడ లేదు."

నేలమీది పడవ మునిగినట్టయింది నాకు. అయినా నోరు ఆగిందా? "ఇంట్ల భద్రంగ దాచిపెట్టినక్కా, వచ్చే వారం తెస్త" అంది.

ఇంటికి పోయి మోకాళ్లూనాను. "ప్రభువా, ఆ సారును మళ్లీ పంపు, కాని నేను తప్పు ఒప్పుకునే పని లేకుండా పంపు." మూడు వారాలు ఇదే ప్రార్థన, మూడు వారాలు రూతక్కకు ఇదే అబద్ధం, ఆమె మాత్రం నవ్వుతూ, "ఏంది తమ్మీ, మొసలి మింగిందా?" అని అడిగేది. నాలుగో వారం నా ప్రార్థన పొట్టిదైపోయింది. "ప్రభువా, నా నోరు నువ్వే తీసుకో."

ఆ ఆదివారం సంఘం ముందు లేచి, రూతక్క వైపు తిరిగి అంతా చెప్పేశాను.

"నీ మొసలిని ఎన్నడు నమ్మలే," అంది ఆమె. "ఇయ్యాల చెప్పిన గీ మాటొక్కటే నమ్మిన."

నేరుగా పడవకు వెళ్లి బోర్డు రాసి కట్టాను: కవర్లు మార్చి అమ్మింది నేనే, మోసపోయినవారు తెచ్చి ఇవ్వండి, మంచి రికార్డు ఇస్తాను. సహోదరులారా, వందమంది వచ్చారు. లేదు, తొమ్మిదిమంది. చూశారా, పాత వాసన ఇంకా పోలేదు. "నీ కొబ్బరినూనెకు నా సూది జారుడుబండ ఎక్కింది తాతా" అని ఒకడు అందరిముందూ కడిగేశాడు, నేను ఔనన్నాను, ఔనన్నకొద్దీ నా గుండె తేలికైంది. తొమ్మిదో మనిషి ఆ టీచరుగారు.

"పారేద్దామనుకున్న," అన్నారు. "భార్య పేరు పట్టి గంత ప్రేమగ అడుగుతుండె ఆయన. చెయ్యి రాలే."

రూతక్కను పిలిపించి పడవలోనే మోగించాం. గరగరల మధ్యనుంచి ఒక పడుచు గొంతు, "ప్రభువా, నా రూతును కాపాడు" అంది. అంతలో సూది గీతలో పడి ఆగిపోయింది. నా రూతును, నా రూతును, నా రూతును. నేను సిగ్గుతో సూది ఎత్తడానికి చెయ్యి చాపాను.

"ముట్టకు తమ్మీ," అంది అక్క, కళ్లు తుడుచుకుని నవ్వుతూ. "బతికున్నన్నాళ్లు గిన్నిసార్లు పిలువలే."

ఎన్నిసార్లు పిలిచాడో నేను చెప్పను, చెబితే పెంచి చెబుతాను. పైన ఒక కవరు, లోపల ఇంకొకటిగా బతుకుతున్నవారు మీలో ఎవరైనా ఉంటే, ప్రభువు దగ్గర కవరు తీసి చూపించండి. నేను ఆ సారును తిప్పి పంపాను గాని, ప్రభువు నన్ను తిప్పి పంపలేదు, మిమ్మల్నీ పంపడు. ఈ నోటిని విడిపించిన దేవునికే మహిమ.