ఆర్మూరులో బండికి ఊపిరాడని శనివారం

పోచంపాడు చూద్దామని బయల్దేరి, డ్యాం మొహం చూడకుండానే తిరిగొచ్చినవాళ్లం మేము. తొంభైల నాటి మాట. మా ఆయన నిజామాబాదులో బడి పంతులు. దుబాయిలో ఉన్న మా మరిది మా మోటారు సైకిలుకు కొత్త గాలి ఫిల్టర్ పంపాడు. దాన్ని ఆర్మూరులో బిగించుకుని అటునుంచి అటే వెళ్దామని, రెండో శనివారం పొద్దున ఏడింటికి ఇంట్లోంచి కదిలాం.

ఎనిమిదింటికి ఆర్మూరు చేరాం. మార్కెట్ యార్డు పక్కనే మెకానిక్ యాదగిరి కొట్టు. చుట్టూ ఎండిన పసుపు కుప్పలు, తుమ్మకుండా పావుగంట నిలబడితే గొప్పే. యాదగిరి పాత ఫిల్టర్ డబ్బా ఊడదీసి కొత్తది పెట్టాడు. ఇంజన్ నుంచి ఆ డబ్బాలోకి వెళ్లే రబ్బరు పైపుకు ఇప్పుడు చోటు లేదు. దాన్ని కిందికి వదిలేసి మా ఆయనతో అన్నాడట: "ఇంజన్ల గాలి గీ పైపుకెల్లే బయటికొస్తది సార్. జర నూనె చుక్కలు పడ్తయి, ఫికర్ చెయ్యకుండ్రి."

నేను పసుపు కుప్పలు చూస్తూ ఆ మాట వినలేదు. తిరిగొచ్చేసరికి బండి ఇంజన్ ఆడుతోంది, ఇద్దరూ ఎదుటి హోటల్లో చాయ్ తాగుతున్నారు. పైపు నుంచి నూనె చుక్క నా లేత నీలం చీర అంచు మీద పడింది. ఒళ్లు మండింది. కింద పడున్న పసుపు కొమ్మొకటి తీసి పైపు మూతిలో కుక్కాను. సీసాకు బిరడాలా సరిపోయింది. పైన పురికొస చుట్టి ముడేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను, ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిదిన్నరకు, ఇంకా బాల్కొండ రాకముందే, వెనక చక్రం సర్రున జారింది. ఏమైందో తెలిసేలోపు ఇద్దరం తారు మీద ఉన్నాం. ఎదురుగా వస్తున్న లారీ మా ఆయన తలకు జానెడు దూరంలో ఆగింది. నిజంగా జానెడే! వెనక టైరు నిండా నల్లటి నూనె.

"పానం దక్కింది గదా అక్కా, గదే మస్తు. బండిని లారీల ఏద్దాం పట్టుండ్రి" అన్నాడు డ్రైవర్. మమ్మల్ని ఆర్మూరులో దింపి వెళ్లాడు.

పదకొండింటికి మళ్లీ యాదగిరి కొట్టు.

"గిదేనా నీ పని? సచ్చిపోతుంటిమి!" అని అరిచాడు మా ఆయన.

యాదగిరి ఇంజన్ దగ్గర కూర్చుని చూశాడు. "నూనె ఆపే సీలు ఎగిరిపోయింది సార్. లోపటి గాలికి బయటికొచ్చే తొవ్వ లేకుంటెనే గిట్లయితది. నేనైతే పైపు ఖుల్లానే ఉంచిన."

ఆ గాలి దారి మూసింది నా పసుపు కొమ్మే. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి. చీర అంచు మీది నూనె మరకను మడతలో దాచుకున్నాను.

"అబద్ధాలాడుతున్నవ్!" ఆ వెంటనే యాదగిరి చెంప మీద చప్పుడు. పదకొండేళ్ల కాపురంలో పిల్లల మీద కూడా చెయ్యెత్తని మనిషి!

"ఆగుండ్రి, పైపు మూసింది నేనే" అన్నాను అప్పుడు. ముడి విప్పి కొమ్ము లాగితే నూనె బొటబొటా కారింది. మా ఆయన అందరి ముందూ యాదగిరికి చేతులు జోడించాడు. "అమ్మకేమెరుక, పోనియ్యుండ్రి సార్" అని చెంప రుద్దుకుంటూ అతను లోపలికి వెళ్లాడు.

బండి అక్కడే వదిలేసి మూడింటికి బస్సెక్కాం. ఈ దారిన వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే: ఫిల్టర్ మార్చితే మార్చండి, ఆ పైపు జోలికి మాత్రం పోకండి.

ఊరు దాటాక మా ఆయన నోరు విప్పాడు. "తెల్వక మూసినవ్, దానికి కోపం లేదు. గాయన పైపు మాట అనంగనే నీకు సమజయ్యింది గదా?"

"అయ్యింది."

"మరి నేను కొట్టేదాక ఎందుకు ఆగినవ్?"

జవాబు చెప్పడానికి ఇంకా గంట ప్రయాణం ఉంది.