రేపటి మాటల ఎక్కం

ఆ రోజుల్లో "ఏడెనిమిదులెంత?" అని అడిగితే నేరుగా యాభై ఆరు అనేవాళ్లు మా బడిలో తక్కువ. ఏడొకట్ల ఏడు దగ్గర రాగం ఎత్తుకుని, ఎనిమిదో మెట్టు ఎక్కాకే జవాబు చెప్పేవాళ్లం. ఆ రాగంతోనే నేను స్పానిష్ నేర్చుకున్నానంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి, నేను పాసయ్యాను.

అప్పటికి నాకు పందొమ్మిదేళ్ల నాలుగు నెలలు. వనపర్తి దగ్గరి ఒక చిన్న దవాఖానకు స్పెయిన్ డాక్టర్లు వస్తున్నారని, వాళ్లకూ రోగులకూ మధ్య మాట చేరవేసే మనిషి కావాలని తెలిసి వెళ్లాను. దాన్ని నడిపే స్పెయిన్ సిస్టర్ (ఊరంతా తెల్లసిస్టర్ అనేవారు) ముప్ఫై క్రియలు రాసిన నోటుపుస్తకం నా చేతిలో పెట్టి, "ముందుగాల భవిష్యత్ కాలం నేర్చుకో. రోగులు అడిగేదంత గదే. మానుతదా, నడుస్తనా, ఇంటికెప్పుడు పోత?" అంది, మన మాటలోనే. గడువు ఎనిమిది రోజులు. మానవపాడులో మిర్చి పండించే మా నాయిన గడువూ అదే. "పాసైతివా, నౌకరి చెయ్యి. లేకుంటే చేన్ల మిర్చి తెంపాలె. మల్ల అడగొద్దు."

ముప్ఫై క్రియలు, ఒక్కోదానికి ఆరు రూపాలు (నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్లు), మొత్తం నూట ఎనభై. మొదటి రోజు ఏడుపొచ్చింది. రెండో రోజు లెక్క దొరికింది. స్పానిష్ క్రియలు చివరను బట్టి అర్, ఎర్, ఇర్ అని మూడు రకాలు. వర్తమానంలో ఆ చివర కోసేసి, రకాన్ని బట్టి తోక తగిలించాలి. భవిష్యత్తులో కోత లేదు. నూలు చీరకు పట్టు కొంగు కలిపినట్టు (గద్వాల పక్కన పుట్టినదానికి ఇంకేం తడుతుంది?) మాట మొత్తం ఉంచి తోక కలిపితే చాలు. ఆ తోకలు మూడు రకాలకూ ఒకటే: ఎ, ఆస్, ఆ, ఎమోస్, ఎయిస్, ఆన్. నూట ఎనభై కాదు, ఆరు! ఇక అబ్లార్ అనే మాట పట్టుకుని అబ్లరే, అబ్లరాస్, అబ్లరా (మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడతాడు) అంటూ ఇల్లెగిరిపోయేలా ఎత్తుకున్నాను. "జర మెల్లగ సదువు బిడ్డా, బర్రె బెదిరి పాలిస్తలేదు" అన్నాడు నాయిన.

పరీక్ష రోజు ఆయన దవాఖాన గుమ్మంలోనే నిలబడ్డాడు. "'మేము మాట్లాడతాం' చెప్పు" అంది సిస్టర్. నేను బొటనవేలు ముడిచి మొదటినుంచి ఎత్తుకున్నాను. నాలుగో వేలు మీద అబ్లరేమోస్ దొరికింది. "'వాళ్లు తింటారు'?" అది ఆరోది, రెండో చెయ్యి కావాల్సి వచ్చింది. సిస్టర్ పెన్ను కింద పెట్టేసింది. "గిట్ల ఎక్కం సదివితే, నువ్వు జవాబు చెప్పేలోపల రోగి ఇంటికి పోతడు."

గుమ్మంలో నాయిన చెప్పులు తొడుక్కుంటున్న చప్పుడు వినిపించింది.

"జర ఆగుండ్రి సిస్టర్," అన్నాను. "నేను ఎన్నడు ఇనని మాట ఒక్కటి ఇయ్యుండ్రి. తప్పు పోతే నేనే మిర్చి చేన్లకు పోత."

"సనార్" అంది. గాయం మానడమట. సనరే, సనరాస్, సనరా, సనరేమోస్, సనరేయిస్, సనరాన్. ఒకే ఊపిరి. ఆమె మరో నాలుగు కొత్త మాటలిచ్చింది. అయిదారులు ముప్ఫై, తప్పులు సున్నా. సిస్టర్ పుస్తకం మూసి, "సోమవారం ఏడు గంటలకు రా. వేళ్లు లెక్కపెట్టుడు మాత్రం తగ్గించు" అంది.

తిరుగు బస్సులో నాయిన పక్కసీటు ఆయనను నిద్రలేపి మరీ, "మా బిడ్డ స్పెయిన్ భాషల రేపటి మాటలన్ని నేర్చింది. ఒక్కటి గూడ మిగల్లే" అన్నాడు. నాయిన గొంతులో అంత గర్వం అంతకుముందెన్నడూ వినలేదు. నేను ఊరుకోవచ్చు కదా!

"అన్ని కాదు నాయినా. పద్ధతి తప్పి నడిచేటివి ఇంక పన్నెండున్నయ్. గవి నాకు రావు."

నాయిన మళ్లీ పక్కాయనవైపు తిరిగి, "పన్నెండు మిగిలినయంట" అన్నాడు నెమ్మదిగా.

ఆ పన్నెండూ పద్దెనిమిది రోజుల్లో నేర్చాను. ఆ దవాఖానలో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేశాను. నా లెక్క ఆ రోజూ తప్పలేదు. కానీ నాయిన గొప్పను కనీసం గద్వాల దాకానైనా సాగనివ్వని ఆ పిల్లను తలుచుకుంటే, ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం మందలించాలనీ అనిపిస్తుంది.