మా వారి చెవి, వాల్వుల యాంప్లిఫయర్

మా వారు పాలకొల్లులో కాలేజీ లెక్చరర్. ఒకసారి విషజ్వరం వచ్చి తగ్గాక ఆయనకు ఎడమ చెవి పూర్తిగా వినిపించకుండా పోయింది. కుడి చెవిలో ఏమాత్రం తేడా అనిపించినా వెంటనే రమ్మని రాజమండ్రి డాక్టరు గారు చెప్పారు. ఆ దిగులు మరిచిపోవడానికేనేమో, ఆయన పాతకాలపు పద్ధతిలో, పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో పాటల యాంప్లిఫయర్ తయారుచేయడం మొదలుపెట్టారు. ఏడాది పైనే పట్టింది.

దానికని కొత్త స్పీకర్లు తెప్పించి, ఒక ఆదివారం పొద్దున నాదస్వరం పెట్టారు. వాల్వులు ఎర్రగా వెలిగాయి. పాట మాత్రం పక్కింట్లోంచి వస్తున్నట్టుంది. వాల్యూమ్ చివరిదాకా తిప్పినా అంతే. ఆయన ముఖం పాలిపోయింది. కుడి చెవి దగ్గర చిటికె వేసుకుని విన్నారు. మళ్లీ వేసుకున్నారు.

“నాకూ చిన్నగానే వినిపిస్తోందండి,” అన్నాను.

“నా కోసం అంటున్నావు.”

ఎంత చెప్పినా నమ్మలేదు. ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. నాకూ లోపల భయమే. నాకే అంత చిన్నగా వినిపిస్తుంటే, ఆయనకు అసలెంత వినిపిస్తోందో నాకేం తెలుసు?

మధ్యాహ్నం ఆయన పడుకున్నాక, పాత రేడియోలు పోగుచేసే ఆయన భీమవరం స్నేహితుడికి ఫోన్ చేశాను. ఆ స్నేహితుడు స్పీకర్ల వివరాలు అడిగి, అవి పెద్ద యాంప్లిఫయర్ల కోసం చేసినవని, వాల్వులిచ్చే కొద్దిపాటి బలం వాటికి చాలదని చెప్పారు. కొద్ది బలానికే గట్టిగా మోగే, తేలికైన కాగితపు కోన్ ఉన్న తన పాత స్పీకర్ల జతను సాయంత్రానికల్లా ఆటోలో పంపించారు.

తప్పుగా కలిపితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుందని మా వారు మీటరు పెట్టి, స్పీకర్ల ఓమ్‌లు, అంటే నిరోధం, యాంప్లిఫయర్‌కు సరిపోతాయో లేదో చూసుకున్నారు. వైర్లు బిగించారు. స్విచ్ వేశాక నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. నాదస్వరం గదంతా నిండిపోయింది.

“ఎక్కువైందా?” అని అడిగారు.

“బాగా ఎక్కువైందండి. తగ్గించండి.”

తగ్గించలేదు. అలాగే నేలమీద కూర్చుండిపోయారు.

అయినా డాక్టరు దగ్గరికి వెళ్దామని నేను పట్టుబట్టాను. పరీక్ష చేసి, కుడి చెవిలో వినికిడి కొద్దిగా తగ్గిందన్నారు. అంత కంగారు పడక్కర్లేదు గానీ మందులు వాడాలన్నారు. తిరుగు బస్సు ధవళేశ్వరం దాటింది. ఆ తర్వాత ఆయనే, స్పీకర్లను గోడకు ఇంకాస్త దగ్గరగా జరిపితే మోత పెరుగుతుందేమో, చూద్దామా అని అడిగారు.